టెక్స్ట్ ఫైలులో ఒక్క లైనును కమాండుతో మార్చడం ఎలా?

సెట్టింగుల ఫైలులో ఒక్క లైను మార్చడానికి ఎడిటర్ అక్కరలేదు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ రాసిన సెడ్ (sed) అనే కమాండు చాలు. అది లినక్స్‌లోను, మ్యాక్‌లోను ముందే ఉంటుంది.

ఫైలులో మాటలు వెతికే గ్రెప్ (grep) కమాండుకు మైనస్ ఎన్ (-n) జోడించి వెతికితే లైను సంఖ్య తెలుస్తుంది. అది 42 అయితే, సెడ్ అని రాసి, తర్వాత సింగిల్ కోట్లలో 42, ఎస్, స్లాష్, పాత మాట, స్లాష్, కొత్త మాట, స్లాష్ వరుసగా రాసి, కోట్ల బయట ఫైలు పేరు ఇవ్వండి. మారిన పాఠం తెరమీద మాత్రమే వస్తుంది, ఫైలు మారదు. స్లాష్‌లకు బదులు నిలువు గీతలు కూడా వాడవచ్చు. అప్పుడు, స్లాష్‌లు ఉండే ఫోల్డర్ల దారులు మార్చేటప్పుడు చిక్కు ఉండదు. స్క్రిప్టులో మాత్రం లైను సంఖ్య రాయనే కూడదు. పైన ఎవరైనా ఒక లైను చేర్చిన రోజున అది పక్క లైనును మారుస్తుంది కనుక, 42 స్థానంలో ఆ లైను మొదలయ్యే మాటను, ముందు ^ గుర్తు పెట్టి, రెండు స్లాష్‌ల మధ్య ఇవ్వాలి.

అసలు ప్రమాదం ఫైలులో భద్రపరచడంలోనే ఉంది. ఫలితాన్ని గ్రేటర్ దేన్ గుర్తుతో అదే ఫైలులోకి పంపితే, సెడ్ చదవకముందే షెల్ (మనం టైపు చేసిన కమాండులను నడిపే ప్రోగ్రాం) ఆ ఫైలును ఖాళీ చేస్తుంది. మిగిలేది సున్నా బైట్లు.

అందుకే సెడ్‌కు ఫైలునే మార్చమని చెప్పే మైనస్ ఐ (-i) వాడతారు. అయితే బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో చాలామంది చేతిలో ఉండేది మ్యాక్, పని జరిగేది లినక్స్ సర్వర్‌లో. లినక్స్‌లో విడిగా రాసిన మైనస్ ఐ సరిపోతుంది. మ్యాక్‌లోని సెడ్ మాత్రం దాని తర్వాత బ్యాకప్ పేరు తోకను ఆశిస్తుంది కాబట్టి, మీరిచ్చిన కమాండును తోకగాను, ఫైలు పేరును కమాండుగాను భావించి తప్పు చూపుతుంది. మ్యాక్ కోసం ఖాళీ కోట్లు పెట్టమని సలహా ఇచ్చేవారున్నారు. అది లినక్స్‌లో పనిచేయదు, పైగా బ్యాకప్ కూడా ఉండదు. మైనస్ ఐ పక్కనే, ఖాళీ వదలకుండా, డాట్ బీఏకే అని అతికించి (-i.bak) రాయండి. ఇది రెండుచోట్లా నడుస్తుంది, పాత ఫైలు కూడా మిగులుతుంది.

మరొక జాగ్రత్త: లినక్స్‌లో మైనస్ ఐ కొత్త ఫైలును తయారుచేసి పాతదాని స్థానంలో పెడుతుంది. ఉబుంటు అనే లినక్స్‌లో, ఎన్‌జినెక్స్ (nginx) వెబ్ సర్వర్‌కు చెందిన సైట్స్-ఎనేబుల్డ్ ఫోల్డరులో సాధారణంగా ఉండేవి సింబాలిక్ లింకులు, అంటే వేరేచోట ఉన్న అసలు ఫైలును చూపే గుర్తులు. అక్కడ నడిపితే లింకు పోయి మామూలు ఫైలు వస్తుంది, అసలు ఫైలు మారకుండా ఉండిపోతుంది. కమాండును అసలు ఫైలు మీదే నడపండి.

చివరగా డిఫ్‌తో రెండు ఫైళ్లనూ పోల్చండి. ఒక్క లైనే తేడాగా కనిపించాలి. ఏమీ కనిపించకపోతే సెడ్‌కు ఆ మాట దొరకలేదని అర్థం, ఎందుకంటే దొరకనప్పుడు అది ఏ ఫిర్యాదూ చేయదు.