మాట వినని కెమెరా: దారికి తెచ్చిన పద్ధతి

వీడియో గేమ్ ఆడేటప్పుడు కంట్రోలర్ మీది కుడి స్టిక్కే కెమెరాను, అంటే తెర మీద మన చూపును తిప్పుతుంది. ఒక్కోసారి ఆ స్టిక్ కాస్త కదిపితే చూపు కదలదు, ఇంకొంచెం కదిపితే గిర్రున తిరిగిపోతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు సెన్సిటివిటీ, అంటే స్టిక్ కదిపితే చూపు తిరిగే వేగం, తగ్గిస్తారు. అక్కడ మొదలుపెట్టకూడదు. దోషం ఎక్కువగా డెడ్ జోన్‌లో ఉంటుంది: స్టిక్ మధ్యలో ఎంత కదలికను గేమ్ పట్టించుకోకూడదో చెప్పే హద్దు అది.

టీవీలో గేమ్ మోడ్ ముందే ఆన్ చేసుకోవాలి. మామూలు మోడ్‌లో బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే ఆలస్యం అచ్చం కంట్రోలర్ తప్పులాగే కనిపిస్తుంది. గేమ్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ (బొమ్మ నాణ్యత కన్నా సెకనుకు ఎక్కువ ఫ్రేములకు ప్రాధాన్యమిచ్చేది) ఉంటే అదే ఎంచుకోండి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు, 60 అయితే దాదాపు 17.

తర్వాత గేమ్ సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ సున్నాకు దించి స్టిక్ మీంచి వేలు తీసేయాలి. కెమెరా దానంతటదే జరుగుతుంటే ఒక్కో అంకె పెంచుతూ పోయి, ఆగిన చోట ఇంకొకటి కలపాలి. బాగా పెంచినా ఆగకపోతే చాలా కంట్రోలర్లలో లోపలి పొటెన్షియోమీటర్ (స్టిక్ ఎంత వంగిందో కొలిచే భాగం) అరిగిందనే అర్థం. దానికి సెట్టింగ్స్ మందు కాదు, స్టిక్ మాడ్యూల్ మార్చాల్సిందే.

ఇక యాక్సిలరేషన్ (స్టిక్ వంచి ఉంచేకొద్దీ చూపు వేగం పెరగడం) సున్నా, మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మను మసకబార్చడం) ఆఫ్. స్టిక్ పూర్తిగా వంచితే పాత్ర చుట్టూ ఒక చుట్టుకు రెండు సెకన్లు పట్టేలా సెన్సిటివిటీ పెట్టుకుంటే గురి తప్పదు. నిలువు వేగం అడ్డం వేగం కన్నా కాస్త తక్కువుండాలి.

కెమెరాను దానంతటదే పాత్ర వెనక్కి తిప్పే ఆటో సెంటర్ మాత్రం తప్పక తీసేయండి. మన వేలు ఒకవైపు, గేమ్ మరోవైపు లాగడమే అసలు చిరాకు. ఇరుకు గదుల్లో గోడ అడ్డొస్తే కెమెరా పాత్ర వీపు మీదకు వచ్చేస్తుంది. కెమెరా దూరం మధ్యస్థంగా పెట్టి, గోడకు వీపు ఆనించకుండా పోరాడితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.