చెడ్డ మాటలతో మంచి తెలుగు – 4వ పాఠం: శని, పాపం

పోయిన పాఠంలో దిష్టి సంగతి చూశాం. ఈసారి శని, పాపం. ఈ రెండూ వాడడం వచ్చిందంటే గోదారి వెటకారం సగం పట్టుబడినట్టే.

ముందు క్రియ చూడండి, తిట్టు బరువు అక్కడే తేలుతుంది. "వాడికి శని పట్టింది" అంటే జాలి. "వాడు నాకు శనిలా పట్టుకున్నాడు" అంటే విసుగు. "నెత్తిన శని తాండవిస్తోంది" అంటే బెదిరింపు.

శని అసలు పేరు శనైశ్చరుడు, అంటే మెల్లగా నడిచేవాడు. ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు. మూడు రాశులు దాటేసరికి ఏడున్నరేళ్లు, అదే ఏలినాటి శని. ఆ నిదానం వల్లే మందుడనే పేరు కూడా ఉంది. కోనసీమలో కొత్తపేట దగ్గరున్న మందపల్లిలో శివుడు మందేశ్వరుడు. శనివారం నాడు త్రయోదశి వస్తే అక్కడ నువ్వుల నూనెతో తైలాభిషేకానికి జనం బారులు తీరతారు. ఇక జనం నోట్లో పడి శనైశ్చరుడు కాస్తా శనేశ్వరుడయ్యాడు. "రామేశ్వరం వెళ్లినా శనేశ్వరం వదల్లేదు" అన్న సామెతకి ప్రాస కుదిరింది అందుకే.

ఇప్పుడు ఆ అచ్చులో మన మాట పోద్దాం.

"ఏరా అబ్బాయ్, మీ బావ మందపల్లి వెళ్లొచ్చాడట కదా, శని వదిలిందా?"

"ఆయ్, శని వదిలిందండి. మందే వదల్లేదు."

మందుడికీ మందుకీ ఏ చుట్టరికమూ లేదు. శ్లేషకి అది అక్కర్లేదు కూడా, చప్పుడు కలిస్తే చాలు. కాకపోతే "వదలడం" రెండిటికీ అతకాలి. అతక్కపోతే నవ్వు రాదు, వివరించాల్సి వస్తుంది.

పాపం దగ్గర కామా చూసుకోవాలి. "పాపం చేశాడు" అంటే పాపాత్ముడు. "పాపం, చేశాడు" అంటే ఎవరో చెప్పిన పనికి తలవంచిన అమాయకుడు. మాట్లాడేటప్పుడు ఆ కామాని "పాపం..." అని సాగదీసి పలకాలి. మా వైపు ఆ సాగదీతలో జాలి తక్కువ, ఎకసెక్కెం ఎక్కువ. వరి పండితే పండించినవాడికి సంబరం, పాపం పండితే పక్కవాడికి సంబరం. అందరి తప్పులూ ఒకడి నెత్తిన పడితే వాడు పాపాల భైరవుడు. ఆఫీసులో ఈ మాట బాగా పనికొస్తుంది.

అభ్యాసం: "పాడు"తో ఒక శ్లేష కట్టండి. "వాడు పాడితే పాట పాడవుతుంది" అన్నది మాత్రం వద్దు, అది అరిగిపోయింది. వచ్చే పాఠంలో దయ్యాలు.