పైన్ గిన్నె లోపల తొలుస్తుంటే అదురుతోందా?

లేత్ మీద గిన్నె బయటివైపు నున్నగానే వచ్చింది. తిప్పి చక్‌లో (కర్రను దవడలతో పట్టుకునే లేత్ భాగం) బిగించి లోపల తొలవడం మొదలుపెట్టగానే గౌజ్ (వంపు ఉలి) టకటకా కొట్టుకుంటోంది, గోడ మీద అలలు పడుతున్నాయి. బెంగళూరులో ప్యాకింగ్ పెట్టెల పైన్ తెచ్చి గిన్నెలు చేసే మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. (ఆ చెక్క మీద ఎంబీ ముద్ర ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినదని అర్థం, తిండి గిన్నెలకు వద్దు. హెచ్‌టీ ముద్ర ఉన్నది వేడిచేసి శుద్ధి చేసినది, అది తీసుకోండి.)

ముందు పదును చూడండి. దయచేసి చూడండి. మెత్తటి కర్రే కదా అని మొద్దు గౌజ్‌తో లాగించేస్తారు. నిజానికి గట్టి కర్ర కంటే పైన్‌కే పదును ఎక్కువ కావాలి. మొద్దు అంచు కింద మెత్తటి పోగులు తెగవు, వంగి చిరుగుతాయి. ఎదురెదురుగా రెండుచోట్ల మాత్రమే పీచు లేచి మిగతాదంతా నున్నగా ఉంటే పదును పోయినట్టే, లేదా ఎదురు దిశలో కోస్తున్నట్టు. బయట అడుగు నుంచి అంచుకు, లోపల అంచు నుంచి మధ్యకు కోయాలి. బెవెల్ (గౌజ్ అంచు వెనక ఏటవాలు భాగం) మీద పైన్ జిగురు పేరుకుంటే టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. ఉప్పు కాగితంతో సరిచేద్దామనుకోకండి, మెత్తటి వలయాలు ముందు అరిగి గట్టివి గట్లలా మిగిలిపోతాయి.

పదును బాగున్నా అదురుతుంటే నా అనుమానం నేరుగా టెనన్ మీదికే పోతుంది. చక్ పట్టుకునే ఆ బొడిపెను ఎవరూ పట్టించుకోరు, బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది కాబట్టి. గిన్నె దిమ్మలో పోగులు అడ్డంగా ఉంటాయి. టెనన్ చుట్టూ రెండు వైపుల పోగుల కొసలు, మిగతా రెండు వైపుల వాటి పక్కలు దవడలకు తగులుతాయి. కొసలు ఒత్తిడికి ఆగుతాయి, పక్కలు నలుగుతాయి. గౌజ్ తోసిన ప్రతిసారీ ఇంకాస్త నలిగి పట్టు సడలుతుంది. చన్నపట్నం బొమ్మల కర్ర, మన ఏటికొప్పాక అంకుడు కర్ర కూడా మెత్తనివే. కానీ ఆ బొమ్మల్లో పోగులు లేత్ పొడవునా ఉంటాయి, అందుకే ఆ పని తెలిసినవాళ్లకు కూడా ఈ చిక్కు తట్టదు.

లేత్ ఆపి, ప్లగ్ తీసేయండి. టెనన్ మొదట్లోని చదును అంచు దవడలకు ఆనే చోట కాగితం ముక్క దూర్చి చూడండి. ఎక్కడా దూరకూడదు. ఒకవైపు దూరి, ఎదురువైపు దూరకపోతే గిన్నె ఒరిగింది. దాన్ని అలాగే ఇంకా బిగిస్తే ఒరిగినచోటే ఇరుక్కుంటుంది. వదులు చేసి, టెయిల్ స్టాక్‌తో (చక్‌కు ఎదురుగా లేత్ అవతలి కొసన ఉండే భాగం) దవడలకు ఆనేలా నొక్కిపట్టి, అప్పుడు బిగించండి. రెండు మూడు కోతల తర్వాత ఆపి మళ్లీ చక్ కీ తిప్పి బిగించండి, పైన్‌కు ఇది తప్పదు.

కొత్త దిమ్మకైతే టెనన్ వెడల్పు గిన్నె వ్యాసంలో మూడో వంతుకు తగ్గనివ్వకండి, దాని కొసను చక్ అడుగుకు తగలనివ్వకండి. పలుచని సూపర్ గ్లూ ఇంకనిస్తే నలుగుడు తగ్గుతుంది. నాకు బాగా నమ్మకమైన దారి మాత్రం అడుగున వేప దిమ్మ అతికించి టెనన్‌ను అందులో తీయడం. తడి కర్రను రాత్రంతా చక్‌లోనే వదిలేస్తే టెనన్ ఎండి ముడుచుకుంటుంది, పొద్దున మళ్లీ కాగితం పెట్టి చూడాల్సిందే.

కాగితం ఎక్కడా దూరడం లేదు, అంచు దగ్గర మాత్రమే అలలు పడుతున్నాయంటే గోడ పలచబడి వంగుతోంది. మధ్యలో కర్ర మందంగా ఉండగానే అంచు పూర్తిచేసి కిందికి దిగండి, మళ్లీ అంచు జోలికి పోకండి.

బేరింగ్‌లు పోవడం, స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) వంగడం అరుదు. చక్ తీసి స్పిండిల్‌ను చేత్తో అటూ ఇటూ కదపండి. వదులు కదలిక లేకపోతే బేరింగ్‌లను వదిలేయండి.