పళ్ళు తోముకోవడం ఎలా: పెద్దవాళ్ళకు మళ్ళీ చెప్పాల్సి వస్తున్న పాఠం

తిరుపతిలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర 19 ఏళ్ళుగా అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "రోజూ రెండు పూటలా తోముతా అక్కా, అయినా రక్తం వస్తాంది." బ్రష్ చేతికిచ్చి, ఎలా తోముతారో చూపించమంటాను. రంపంతో కట్టె కోసినట్టు అడ్డంగా ముందుకీ వెనక్కీ, కనిపించే ఆరు పళ్ళ మీద ఇరవై సెకన్లు. ఆ ఆరూ తళతళలాడుతుంటాయి. దవడ పళ్ళ లోపలి వైపు రాత్రి తిన్న సంగటి ఇంకా అక్కడే ఉంటుంది.

మా చిత్తూరు వైపు పళ్ళను పండ్లనే అంటాం. "పండ్లు తోమినావా" అని నేను పిల్లలను అడుగుతుంటే కోస్తా నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. తోమినారా లేదా అన్నదే నాకు కావాలి.

సామాను

మెత్తటి బ్రష్, తల చిన్నదిగా ఉన్నది. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. అద్దం. పళ్ళ మధ్య శుభ్రం చేసుకోవడానికి ఫ్లాస్ అనే దారం. అంతే.

గట్టి బ్రష్ ఇంట్లో ఉంటే గ్యాస్ పొయ్యి బర్నర్లు రుద్దుకోండి, ఆ పనికి బ్రహ్మాండంగా ఉంటుంది. పేస్టు ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం అని ఉందేమో చూడండి. ఉంటే చాలు, రంగూ రుచీ మీ ఇష్టం. ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ, ప్రకాశం గుర్తొచ్చి జంకేవాళ్ళున్నారు. అక్కడ ఏళ్ళ తరబడి తాగే నీళ్ళతో కడుపులోకి పోయింది. పేస్టును మనం ఉమ్మేస్తాం. చిన్నపిల్లలు మింగేస్తారు కాబట్టి మూడేళ్ళ లోపు వాళ్ళకు బియ్యపు గింజంత పెట్టాలి. ఆ పైన ఎవరికైనా శనగ గింజంత సరిపోతుంది. టీవీలో చూపించినట్టు బ్రష్ పొడవునా పరిస్తే నోరంతా నురగే, పని మాత్రం ఏమీ ఎక్కువ జరగదు.

బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు: వీటి సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పన్ను పైన ఉండే ఎనామెల్ ఒకసారి అరిగితే మళ్ళీ పుట్టదు. ఇక నస్యం పొడి చిగుళ్ళకు రాసుకునే పెద్దమ్మలు ఉన్నారు. అది పొగాకు. పళ్ళు తోమినట్టు కాదు, అలవాటుకు బానిసైనట్టు.

నిలబడండి

బ్రష్ నోట్లో పెట్టుకుని గేటు దగ్గర పాలబ్బాయితో లెక్కలు మాట్లాడకూడదు. మిద్దె మీదికెళ్ళి ట్యాంకు నిండిందో లేదో చూడకూడదు. ఫోను అసలే వద్దు. అద్దం ముందు ఒకచోట నిలబడి రెండు నిమిషాలు. మొదలు కూడా ఎప్పుడూ ఒకే చోటి నుంచి కావాలి: పై దవడ, ఎడమ చివరి పన్ను, బయటి వైపు. కుడి నుంచి మొదలుపెడితే ఏమవుతుందని అడుగుతారు. ఏమీ కాదు, కానీ ఎడమ నుంచే మొదలుపెట్టండి. రోజుకో చోట మొదలుపెట్టేవాళ్ళు రోజుకో చోట వదిలేస్తారు.

అసలు పని: పన్నూ చిగురూ కలిసే గీత

అందరూ తప్పేది ఇక్కడే, నిదానంగా చదవండి.

పాచి అంటే పొద్దున్నే నోట్లో ఉండే వాసన ఒక్కటే కాదు. సూక్ష్మజీవులు కలిసికట్టుగా పన్నుకు అతుక్కున్న జిగురు పొర అది. నునుపుగా ఉన్న పన్ను నడిమధ్యన దానికి పెద్దగా పట్టు దొరకదు. నాలుకా పెదవీ అన్నమూ రాసుకుంటూ దాన్ని ఎంతో కొంత తుడిచేస్తుంటాయి. అది పేరుకునేది పన్నును చిగురు ఆనుకున్న గీత దగ్గర. ఆ గీత కింద చిన్న సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురుకైతే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోతు. రంపం కోతలో బ్రష్ ఆ గీత మీదుగా దాటిపోతుంది. సందులోకి పోదు.

అందుకని బ్రష్‌ను వాలుగా పెట్టాలి. పన్నుకు నిటారుగా కాదు, సగం వాలుగా, అంటే 45 డిగ్రీలు. కుచ్చులో సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఆనాలి. పై పళ్ళకు పోచల కొనలు పైకి చూడాలి, కింది పళ్ళకు కిందికి. ఈ వాలు పద్ధతిని ఛార్లెస్ బాస్ అనే అమెరికన్ డాక్టరు గత శతాబ్దం మధ్యలో రాసి పెట్టాడు. ఆయన పళ్ళ డాక్టరు కూడా కాదు, మామూలు వైద్యుడు. ఇప్పటికీ మేము కుర్చీ పక్కన ప్లాస్టరు దవడ పెట్టుకుని నేర్పేది కొంచెం మార్పుతో ఆయన పద్ధతే.

వాలు కుదిరాక బ్రష్‌ను జరపకండి. ఉన్నచోటే వణికించండి. ఇసుమంత కదలిక, అంతకు మించి వద్దు. రెండు మూడు పళ్ళ మీద పదిసార్లు వణికించి, ఆఖర్న చిగురు నుంచి పన్ను కొన వైపు ఒక్కసారి ఊడ్చి, పక్కకు జరగండి. ఊడ్పు ఎప్పుడూ చిగురు నుంచి బయటికే. పై పళ్ళకైతే కిందికి, కింది పళ్ళకైతే పైకి.

బలం ఎంత పెట్టాలి? బ్రష్‌ను పిడికిలితో పట్టుకోకండి, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోండి. పిడికిలి పట్టగానే చేతికి చాకిరేవు గుర్తొస్తుంది. అనుమానంగా ఉంటే పోచలను గోరు మీద ఆనించి చూడండి. గోరు తెల్లబడిందా, ఎక్కువ నొక్కుతున్నారు. నా ఎడమ కోరపన్ను చిగురు పైకి జరిగిపోయి ఉంది, పన్ను పొడుగ్గా కనిపిస్తుంది. పదహారేళ్ళప్పుడు తెల్లగా రావాలని గట్టి బ్రష్‌తో రుద్దిన ఫలితం. కుడిచేత్తో తోమేవాళ్ళకు ఎడమ వైపు ఎక్కువ బలం పడుతుందని అప్పుడు నాకు చెప్పినవాళ్ళు లేరు. జరిగిన చిగురు మళ్ళీ దానంతట అది కిందికి రాలేదు. చల్లటి నీళ్ళు తాగితే ఇప్పటికీ జివ్వుమంటుంది.

ఇప్పుడు రక్తం సంగతి. వాలుగా పెట్టి సరిగ్గా తోమడం మొదలుపెట్టిన మొదటి రోజు ఉమ్మిలో ఎరుపు కనిపిస్తుంది. చాలామంది అక్కడే హడలిపోయి, "చిగురు కోసుకుపోయింది" అని ఆ చోటు వదిలేసి తోముతారు. వదిలేసిన చోట పాచి పెరుగుతుంది. పాచి పెరిగేకొద్దీ దాన్ని ఎదిరించడానికి ఒళ్ళు అక్కడికి ఎక్కువ రక్తం పంపుతుంది, చిగురు ఉబ్బి ఎర్రబడుతుంది, తాకితే చాలు కారుతుంది. ఇంకా భయపడి ఇంకా దూరంగా తోముతారు. ఏళ్ళ తరబడి ఇదే తిరగలి.

1965లో డెన్మార్క్‌లో 12 మంది మీద ఒక ప్రయోగం చేశారు. మంచి చిగుళ్ళున్న వాళ్ళను పళ్ళు తోమడం మానేయమన్నారు. మూడు వారాలు తిరిగేలోగా అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టించగానే కొద్ది రోజుల్లోనే తగ్గిపోయింది. మందూ లేదు మాకూ లేదు. కాబట్టి రక్తం వచ్చిన చోటనే మరింత శ్రద్ధగా, మరింత మెత్తగా తోమాలి. వారం పది రోజుల్లో తగ్గాలి. రెండు వారాలు దాటాక కూడా తగ్గకపోయినా, చీము కనిపించినా, పన్ను కదులుతున్నా ఇక బ్రష్‌తో అయ్యే పని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చిగురు వాపు వరకైతే పూర్తిగా వెనక్కి వస్తుంది. లోపల పన్నును పట్టుకున్న ఎముక కరిగిందంటే అది మునుపటిలా తిరిగి రాదు.

షుగరు ఉన్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. కడుపుతో ఉన్న ఆడపిల్లలకు చిగుళ్ళు ఉబ్బడం మామూలే, తోమడం మాత్రం ఆపకూడదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలతో కొందరికి చిగుళ్ళు లావెక్కుతాయి. మాత్ర మీరే మానేయకండి, ఇచ్చిన డాక్టరుకు చూపించండి.

లోపలి వైపు

బయటి వైపు చేసిందే లోపలి వైపూ చేయాలి. కింది ముందు పళ్ళ వెనక బ్రష్ అడ్డంగా పట్టదు, నిలువుగా పెట్టి తల చివరతో తోమండి. గార ముందుగా పట్టేది ఇక్కడే, ఎందుకంటే నాలుక కిందే లాలాజలం ఊరే రంధ్రాలున్నాయి. ఆ లాలాజలంలోని ఖనిజాలు తుడవకుండా వదిలిన పాచిలో చేరి దాన్ని రాయిగా మారుస్తాయి. బోరు నీళ్ళ బకెట్‌కు తెల్లటి పొర పట్టడం చూశారుగా, అదే పని.

గార పట్టాక ఏ బ్రష్షూ దాన్ని కదిలించలేదు, క్లినిక్‌లో తీయించుకోవాల్సిందే. "క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదుల్తాయంట కదక్కా" అని వారానికి ఇద్దరైనా అడుగుతారు. ఎముక కరిగి ముందే వదులైన పళ్ళకు గార సిమెంటులా అడ్డుపడి ఉంటుంది. అది తీసేసరికి ఉన్న కదలిక బయటపడుతుంది. నేరం తీసినవాళ్ళ మీద పడుతుంది.

నమిలే పైభాగం ఎలాగైనా తోమండి. ఇక్కడ రంపం కోతకు కూడా నాకు అభ్యంతరం లేదు.

సందులు, నాలుక

రెండు పళ్ళు ఆనుకున్న చోటికి బ్రష్ వెళ్ళదు. రోజుకోసారి దారం పెట్టండి. సందులోకి టక్కున దించితే చిగురు తెగుతుంది. మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ దించి, ఒక పన్నుకు చుట్టినట్టు ఆనించి పైకీ కిందికీ లాగి, తర్వాత పక్క పన్నుకు. సందులు పెద్దవైతే సీసా కడిగే బ్రష్ ఆకారంలో చిన్న బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. పిన్నీసు, చీపురుపుల్ల, అగ్గిపుల్ల వద్దు. ఇది కూడా చెప్పాలా అనుకునేదాన్ని, చిగుట్లో విరిగిన చీపురుపుల్లతో ఒకాయన వచ్చేదాకా.

నాలుకను వెనక నుంచి ముందుకు రెండు మూడుసార్లు గీకితే చాలు. వీధి చివరిదాకా వినిపించేలా ఓకరించాల్సిన పనిలేదు.

అయ్యాక ఉమ్మేయండి. చెంబుడు నీళ్ళతో పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడ్ అంతా సింకులోకి పోతుంది. నోట్లో కాసేపు ఉంటేనే అది పని చేసేది. దీనికి మా ఇంట్లోనే ఎవరూ ఒప్పుకోలేదు. అయినా మీకు చెబుతున్నాను.

ఎప్పుడు, ఏం తిన్నాక

ఒక్క పూటే తోముతానంటే రాత్రి పూట తోమండి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, రాత్రి మిగిలింది తెల్లార్లూ పళ్ళను తింటూ ఉంటుంది. తోమాక పాలు, బిస్కెట్టు ఏమీ లేవు, నీళ్ళే.

తోతాపురి కాయ ఉప్పూకారం అద్దుకుని తిన్నా, నిమ్మకాయ సోడా తాగినా వెంటనే బ్రష్ పట్టుకోకండి. పులుపుకు ఎనామెల్ కాసేపు మెత్తబడి ఉంటుంది, అప్పుడు రుద్దితే అరుగుతుంది. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగండి.

కొండ నుంచి లడ్డూ వచ్చిందంటే మన ఇళ్ళల్లో అది డబ్బాలో ఉంటుంది, వచ్చీపోతూ తలా ఒక ముక్క తుంచుకుంటారు. ప్రసాదం వద్దనడానికి నేనెవర్ని? కానీ తీపి నోట్లో పడిన ప్రతిసారీ అరగంట దాకా పళ్ళ మీద ఆమ్లం ఊరుతుంది. పదిసార్లు తుంచితే పదిసార్లు. భోజనంతో పాటు ఒకేసారి తినేయండి. అందులో కలకండ పలుకు ఉంటుంది, చూసుకుని కొరకండి. గుండుతో నేరుగా మా దగ్గరికి విరిగిన పన్ను తెచ్చినవాళ్ళున్నారు.

"మా అవ్వ వేపపుల్లతోనే ఎనభై ఏళ్ళూ పండ్లు కాపాడుకుంది" అంటారు. మా అవ్వ కూడా అంతే. కానీ ఆమె రెండు పూటలా రాగిసంగటి తిని, మధ్యలో ఏమీ నోట్లో వేసుకోలేదు. కానుగ పుల్ల, వేపపుల్ల నమిలి కుచ్చు చేస్తే బయటి వైపు బాగానే తోముతుంది, దవడ పళ్ళ లోపలి గీత దగ్గరికి మాత్రం వంగదు. పొద్దున సరదాగా పుల్ల వేసుకోండి, రాత్రికి బ్రష్ పట్టుకోండి.

బ్రష్ మార్చడం

వాడాక కడిగి, తల పైకి ఉండేలా గాలికి నిలబెట్టండి. తడి మీద మూత పెట్టకండి. మూడు నెలలకోసారి మార్చాలి. తేదీలు గుర్తుండవంటే సంక్రాంతికి, ఉగాదికి, జూలై-ఆగస్టుల్లో వచ్చే ఆడికృత్తికకు, బ్రహ్మోత్సవాలకు మార్చండి, అటూ ఇటూగా సరిపోతుంది. మార్చిన నెలకే పోచలు పువ్వులా విచ్చుకుపోతే బ్రష్ కంపెనీని తిట్టకండి. పిడికిలి పట్టు మళ్ళీ వచ్చింది. గోరు మీద ఆనించి చూసుకోండి.