కాలేజీ తెరిచేలోపు ల్యాబ్‌ సిస్టములకు ఇమేజ్ ఎక్కించేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

జూన్‌లో తరగతులు మొదలయ్యేలోపు ల్యాబ్ మొత్తానికి కొత్త విండోస్ ఎక్కించాలంటే చేతిలో ఉండేది మే నెలే. ఒక మాస్టర్ సిస్టంలో విండోస్, సాఫ్ట్‌వేర్ అన్నీ వేసి, దాని నకలును ఒక ఫైలుగా తీసి (క్యాప్చర్), ఆ నకలునే (ఇమేజ్) మిగతా సిస్టములన్నిటికీ ఎక్కించడం ఇక్కడి పద్ధతి. శ్రీకాకుళం, విజయనగరం వైపు మే నెల మధ్యాహ్నాలను నమ్మలేం. ఎండ మండుతుండగానే మబ్బు పట్టి ఈదురుగాలి లేస్తుంది, పిడుగు పడుతుంది, కరెంటు పోతుంది. అందుకే పని పొద్దున్నే మొదలుపెట్టి భోజనాల వేళకు ముగించండి. దసరా సెలవుల్లో చూద్దాంలే అనుకునేవాళ్లకు రెండు తేదీలు: హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కరెంటు రావడానికి రోజులు పట్టింది.

యూపీఎస్ ఒకటే ఉంటే సర్వర్‌కీ నెట్‌వర్క్ స్విచ్‌కీ పెట్టండి. ఇమేజ్ ఎక్కుతున్న సిస్టం మధ్యలో ఆగినా పెద్ద నష్టం లేదు, డిస్కు తుడిచి మళ్లీ ఎక్కించుకోవచ్చు. సిస్‌ప్రెప్ (నకలు తీసే ముందు ఆ సిస్టము సొంత గుర్తులను విండోస్ నుంచి తుడిచే ప్రోగ్రాం) నడుస్తున్న మాస్టర్ సిస్టం ఆగితే మాత్రం, ముందే కాపీ తీసి ఉంచకపోతే, అప్పటిదాకా చేసిన పనంతా పోతుంది. ఉరుములు మొదలైతే స్విచ్ ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు. పక్క బిల్డింగు నుంచి వచ్చే లాన్ కేబుల్ కూడా పీకేయాలి, పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

ఎర్రర్ కనిపించగానే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న: అన్ని సిస్టములూ ఒకే చోట ఆగాయా, ఒకటి రెండేనా? అన్నీ ఒకే చోట ఆగితే తప్పు మాస్టర్‌లోనో ఆన్సర్ ఫైలులోనో (సెటప్ అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టే ఫైలు) ఉంది. ఒకటి రెండే ఆగితే ఆ సిస్టము బయాస్, డిస్కు, కేబుల్ చూడండి. ఇది తేల్చుకోకుండా ఇమేజ్ మళ్లీ మళ్లీ ఎక్కించడం వల్ల రోజులు గడవడమే తప్ప ఫలితం ఉండదు.

మాస్టర్ దగ్గర

మాస్టర్‌ను వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) తయారు చేయడం మేలు. ఫలానా కంపెనీ బోర్డు డ్రైవర్లు ఇమేజ్‌లోకి రావు, సిస్‌ప్రెప్‌కు ముందు చెక్‌పాయింట్ (అప్పటి స్థితి కాపీ) తీసుకుని ఎన్నిసార్లయినా వెనక్కి పోవచ్చు. విండోస్ వేశాక మొదటి ప్రశ్నల తెర దగ్గరే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కి యూజర్ ఖాతా తెరవకుండానే సాఫ్ట్‌వేర్ వేసుకోనిచ్చే ఆడిట్ మోడ్‌లోకి వెళ్లండి. నెట్ కేబుల్ తీసేసే ఉంచండి. నెట్ ఉంటే స్టోర్ యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. అలా ఒక్క యూజర్‌కే చేరి, అందరికీ ప్రొవిజన్ కాని (సిద్ధంగా పెట్టని) యాప్ ఏ ఒక్కటి ఉన్నా సిస్‌ప్రెప్ ఆగిపోతుంది. అది ఏ యాపో సిస్టం32 లోపలి సిస్‌ప్రెప్ ఫోల్డర్‌లో, ప్యాంథర్ కింద ఉండే సెటప్‌ఎర్ర్ లాగ్‌లో పేరుతో సహా ఉంటుంది. పవర్‌షెల్‌లో రిమూవ్-యాప్‌ఎక్స్‌ప్యాకేజ్‌తో దాన్ని తీసి మళ్లీ నడపండి.

డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నా సిస్‌ప్రెప్ ఒప్పుకోదు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ అడగకుండానే మొదలై ఉండొచ్చు. మేనేజ్-బీడీఈ కమాండ్‌తో స్టేటస్ చూసి, ఆన్‌లో ఉంటే ఆపి, డీక్రిప్షన్ నూరు శాతం అయ్యేదాకా ఆగండి. మాస్టర్‌ను డొమైన్‌లో (సర్వర్ నుంచే అన్ని సిస్టముల లాగిన్‌లు నడిపే ఏర్పాటు) చేర్చవద్దు, దానికి స్టాటిక్ ఐపీ ఇవ్వవద్దు. కేంద్రీకృత యాంటీవైరస్‌ను ఇమేజ్‌లో కలపకుండా తర్వాత వేసుకోవడమే సులువు. లేకపోతే కన్సోల్‌లో ల్యాబ్ అంతా ఒకే సిస్టంగా కనిపించవచ్చు.

సిస్‌ప్రెప్‌ను జనరలైజ్ (సొంత గుర్తులు తుడవడం), ఓఓబీఈ (తర్వాత లేచినప్పుడు మొదటి ప్రశ్నల తెర), షట్‌డౌన్ ఆప్షన్లతో నడపండి, రీబూట్ ఆప్షన్ వద్దు. ఆఫ్ అయిన మాస్టర్ మళ్లీ తన డిస్కు నుంచే లేచిందంటే జనరలైజ్ చేసిందంతా పోయినట్టే. క్యాప్చర్ చేసేదాకా దాన్ని విన్‌పీఈ (సెటప్ పనులకు వాడే చిన్న విండోస్) పెన్‌డ్రైవ్ నుంచో నెట్‌వర్క్ నుంచో మాత్రమే బూట్ చేయాలి. బూట్ వరుసను ముందే మార్చిపెట్టుకోండి.

ఆన్సర్ ఫైలు

ఎక్కువ తలనొప్పి ఇక్కడే. ఫలానా పాస్‌కు (సెటప్ దశకు) ఆన్సర్ ఫైలును చదవలేకపోయాం అన్న ఎర్రర్ వచ్చినప్పుడు చాలామంది ఆ పాస్ పేరు పట్టించుకోకుండా తెర మూసేస్తారు. ఏడు పాస్‌లలో ఎక్కడ వెతకాలో చెప్పేది ఆ పేరే. స్పెషలైజ్ అని ఉంటే కంప్యూటర్ పేరు, ప్రొడక్ట్ కీ, డొమైన్ చేరిక చూడండి. ఓఓబీఈ సిస్టం అని ఉంటే యూజర్ ఖాతాలు, భాష, టైమ్‌జోన్ చూడండి.

కంప్యూటర్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. కాలేజీ కోడ్, బ్రాంచి, ల్యాబ్ నంబరు, సీటు నంబరు వరసగా కలిపి రాస్తే తెలియకుండానే దాటిపోతుంది. ఒకే పేరు అన్నిటికీ పడకుండా పేరు స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టి, ఆనక స్క్రిప్టుతో మార్చుకోండి. ప్రొడక్ట్ కీ ఇమేజ్‌లోని ఎడిషన్‌కు సరిపోవాలి, ప్రో ఇమేజ్‌కు ఎడ్యుకేషన్ కీ ఇస్తే అక్కడే ఆగుతుంది. 64 బిట్ ఇమేజ్‌కు ఎక్స్86 (32 బిట్) అని రాసిన పాత కాంపొనెంట్ సెట్టింగులు పనికిరావు. టైమ్‌జోన్ దగ్గర ఇండియా స్టాండర్డ్ టైమ్ అని పూర్తిగా రాయాలి, ఐఎస్‌టీ అంటే చెల్లదు.

మన కాలేజీల పేర్లతో ఇంకో చిక్కుంది. ఇంజనీరింగ్ & టెక్నాలజీ అని సంస్థ పేరును నోట్‌ప్యాడ్‌లో అలాగే కొడితే, ఎక్స్ఎమ్ఎల్ ఫైలులో ఆ & గుర్తుకు వేరే పని ఉంది కాబట్టి ఫైలు మొత్తం చెల్లదు. పాస్‌వర్డ్‌లో ఆ గుర్తు ఉన్నా అంతే. ఫైలును చేత్తో దిద్దకుండా మైక్రోసాఫ్ట్ ఇచ్చే విండోస్ ఏడీకే టూల్స్‌లోని సిస్టం ఇమేజ్ మేనేజర్‌లో తెరిచి, వ్యాలిడేట్ చేసి సేవ్ చేయండి.

అన్నీ దిద్దినా పాత ఎర్రరే వస్తోందా? విండోస్ ఫోల్డర్‌లోని ప్యాంథర్‌లో పాత ఆన్సర్ ఫైలు మిగిలి ఉంటుంది. సెటప్ వెతికే వరుసలో సిస్‌ప్రెప్ ఫోల్డర్ కన్నా ప్యాంథర్ ముందుంది. క్యాప్చర్‌కు ముందు దాన్ని చెరిపేసి, సిస్‌ప్రెప్‌కు కొత్త ఫైలు దారి కమాండ్‌లోనే ఇవ్వండి.

యూజర్ తెర భాషను తెలుగు చేయాలంటే ఆ భాషా ప్యాక్ ఇమేజ్‌లో ఉండాలి. టైపింగ్ ఒక్కటే కావాలంటే ఇన్‌పుట్ లొకేల్‌లో తెలుగు కలిపి, తెర భాషను ఇమేజ్‌లో ఉన్నదానికే వదిలేయండి.

సెటప్ ముగిశాక దానంతటదే నడవాల్సిన సెటప్‌కంప్లీట్ స్క్రిప్టు కొన్ని సిస్టముల్లో నడవకపోవడానికి కారణం చాలాసార్లు ఓఈఎం కీ (తయారీ కంపెనీ సిస్టంతో పాటు ఇచ్చే కీ). ఎంటర్‌ప్రైజ్, సర్వర్ ఎడిషన్లు తప్ప మిగతావాటిలో ఓఈఎం కీ ఉంటే విండోస్ ఆ స్క్రిప్టును పక్కన పెట్టేస్తుంది. ఆ పనులను ఆన్సర్ ఫైలులోని ఫస్ట్ లాగాన్ కమాండ్స్‌లోకి మార్చండి.

ఎక్కించేటప్పుడు

ఆగిన తెర మీద షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. నోట్‌ప్యాడ్ తెరిచి సెటప్‌యాక్ట్ లాగ్‌ను కింది నుంచి పైకి చదవండి. విన్‌పీఈ దశలోనే ఆగితే అది ఎక్స్ డ్రైవ్‌లోని విండోస్, ప్యాంథర్‌లో ఉంటుంది. తర్వాత ఆగితే సి డ్రైవ్ ప్యాంథర్‌లోనూ, చివరి దశలో అయితే అందులోని అన్‌అటెండ్‌జీసీ ఫోల్డర్‌లోనూ చూడాలి. కంప్యూటర్ అనుకోకుండా రీస్టార్ట్ అయిందన్న మెసేజ్‌కు రిజిస్ట్రీలో ఛైల్డ్ కంప్లీషన్ కింద సెటప్ విలువను 1 నుంచి 3 చేసే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. ఒక్క సిస్టమ్‌కు అత్యవసరంలో సరే. ల్యాబ్ అంతటికీ అదే చేయాల్సి వస్తే ఇమేజే పాడైందని అర్థం.

11వ తరం ఇంటెల్ నుంచి కొన్ని సిస్టముల్లో విన్‌పీఈకి డిస్కే కనిపించదు, వీఎమ్‌డీ (ఇంటెల్ డిస్కు నియంత్రణ) ఆన్‌లో ఉండడమే కారణం. ఆ డ్రైవర్‌ను బూట్ ఇమేజ్‌లోకీ అసలు ఇమేజ్‌లోకీ కలపండి, లేదంటే బయాస్‌లో ఎక్కించకముందే ఆపండి. ఎక్కించాక మార్చితే నీలి తెర ఖాయం. బయాస్ లెగసీలోనో యూఈఎఫ్‌ఐలోనో ల్యాబ్ అంతా ఒకేలా పెట్టుకోండి, యూఈఎఫ్‌ఐకి డిస్కు జీపీటీ పద్ధతిలో విభజించి ఉండాలి. రెండు నెలలు మూసిన ల్యాబ్‌లో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోయిన సిస్టములు కొన్నయినా ఉంటాయి. సర్వర్‌కూ దానికీ 5 నిమిషాల కన్నా తేడా ఉంటే డొమైన్ చేరిక విఫలమవుతుంది. అరడజను బ్యాటరీలు ముందే కొని దగ్గర పెట్టుకోండి.

నెట్‌వర్క్ బూట్‌లో తప్పు ఐపీ వస్తుంటే స్టాఫ్ రూంలో ఎవరో పెట్టుకున్న వైఫై రౌటర్ వెతకండి, ఐపీలు పంచే రెండో డీహెచ్‌సీపీ అదే. లెక్క కూడా ముందే వేసుకోండి. 25 జీబీ ఇమేజ్ 30 సిస్టములకు విడివిడిగా పంపితే 750 జీబీ. గిగాబిట్ లైను నిండా నడిచినా గంటా నలభై నిమిషాలు. స్విచ్ 100 ఎంబీపీఎస్‌ది అయితే 16 గంటలు దాటుతుంది, మన కరెంటుతో అది అయ్యే పని కాదు. అన్ని సిస్టములకూ ఒకేసారి పంపే మల్టీకాస్ట్ పెట్టండి, లేదా నాలుగైదు పెన్‌డ్రైవులతో వరసగా చేయండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన విమ్ (ఇమేజ్) ఫైలు పట్టదు, విండోస్‌లోని డిజమ్ టూల్‌తో 3,800 ఎంబీ ముక్కలుగా విడగొట్టాలి.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఈసారి చాలా ల్యాబులు 11కు మారుతున్నాయి. ఇమేజ్‌ను నేరుగా ఎక్కిస్తే సెటప్ చేసే టీపీఎం (భద్రతా చిప్) తనిఖీ జరగదు, పాత సిస్టమ్‌లోనూ ఎక్కిపోతుంది. ఎక్కినంత మాత్రాన దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఉన్నట్టు కాదు.

మొదట ఒక సిస్టం, అది లాగిన్ దాకా వచ్చి ప్రింటర్, కంపైలర్ నడిచాక వేర్వేరు మోడళ్లవి మరో మూడు, ఆ తర్వాతే మిగతావి. పని అయ్యాక సిస్‌ప్రెప్ ఫోల్డర్‌లో మిగిలిన ఆన్సర్ ఫైలును అన్ని సిస్టముల్లోనూ చెరిపేయండి. అందులో అడ్మిన్ పాస్‌వర్డ్ గజిబిజి అక్షరాల్లో కనిపించినా అది రహస్య లిపి కాదు, రెండో సంవత్సరం విద్యార్థి నిమిషంలో విప్పేస్తాడు.