కంప్యూటర్ గ్రాఫిక్స్‌ని బట్టీ పట్టకుండా చదవడం ఎలా?

మా విజయనగరంలో బీటెక్ పిల్లల్ని ఎవర్ని కదిపినా గ్రాఫిక్స్ అనగానే ఒకటే మాట, ఆల్గారిథమ్ రాసేస్తాను గానీ ఏటో బుర్రకెక్కట్లేదు అన్నా అని. ఎక్కదు మరి, బొమ్మలు గీసే సబ్జెక్ట్‌ని ఒక్క బొమ్మ కూడా గీయకుండా చదివితే ఎలా ఎక్కుద్ది? నేనూ అలా చదివి మార్కులు తెచ్చుకుని, ఆరు నెలల్లో మొత్తం మర్చిపోయి, మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నవాడినే. రెండోసారి ఏ వరసలో చదివానో అదే చెప్తాను.

1. ముందు లాప్‌టాప్ మూసేసి గళ్ళ పుస్తకం కొనండి

చిన్నపిల్లలు లెక్కలు చేసుకునే గళ్ళ నోట్‌బుక్కే, ఒక్కో గడి ఒక్కో పిక్సెల్ అన్నమాట. అందులో (0,0) నుంచి (7,3) దాకా గీత గీయాలి, కానీ గడి నింపితే మొత్తం నింపాలి, లేదంటే వదిలేయాలి, సగం నింపడాలు లేవు. దీనికి ఐబీఎంలో పనిచేసే బ్రెసెన్‌హామ్ 1962లో ఒక పద్ధతి తయారుచేసి 1965లో పేపర్‌గా వేశాడు. అడ్డంగా 7, నిలువుగా 3 కాబట్టి ఎటు జరగాలో చెప్పే అంకె, దాన్నే పీ అంటాం, మొదట 2×3−7, అంటే −1. పీ మైనస్ అయితే పక్క గడికి వెళ్ళి పీకి 6 కలపాలి, కాకపోతే పక్కకీ పైకీ జరిగి 8 తీసేయాలి. పీ వరసగా −1, 5, −3, 3, −5, 1, −7 అని వస్తుంది, గడులేమో (1,0), (2,1), (3,1), (4,2), (5,2), (6,3), (7,3). పెన్సిల్‌తో నింపి చూడండి, భాగహారం లేదు, దశాంశాలు లేవు, ఉత్త కూడికలూ తీసివేతలే. దశాంశాలతో గీత గీసే డీడీఏ పద్ధతికీ దీనికీ తేడా రాయమని పరీక్షలో అడిగేది ఇదే, ఒక్కసారి చేత్తో చేస్తే జన్మలో మర్చిపోరు.

2. అప్పుడు కోడ్, అదీ తేలికైనదాంతో

మా ల్యాబ్‌లో టర్బో సీ అనే పాత సీ సాఫ్ట్‌వేర్ ఉండేది, మొదటి మూడు వారాలూ దాని గ్రాఫిక్స్ ఫైళ్ళు దొరకట్లేదనే బీజీఐ ఎర్రర్ చూసుకుంటూనే గడిపాం, ఫోల్డర్ దారిలో ఒక స్లాష్ తక్కువైందని చెప్పినవాడు లేడు. ఆ గొడవ మీకొద్దు. పీపీఎం అని ఒక ఫైల్ రకం ఉంది, ఉత్త టెక్స్టే, మొదట్లో P3 అని, ఆ తర్వాత వెడల్పు, ఎత్తు, 255 అని రాసి తర్వాత ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు ఆకుపచ్చ నీలం అంకెలు పెట్టుకుంటూ పోవడమే, మీకొచ్చిన ఏ భాషలోనైనా రాయొచ్చు. బొమ్మ తలకిందులుగా వస్తే కంగారు పడకండి, అక్కడ సున్నా పైన ఎడమ మూల నుంచి మొదలై వై కిందికి పెరుగుతుంది.

3. ట్రాన్స్‌ఫర్మేషన్ దగ్గర ఆగండి, తొందరొద్దు

ట్రాన్స్‌ఫర్మేషన్ అంటే బొమ్మని జరపడం, తిప్పడం లాంటివి, నన్నడిగితే సబ్జెక్ట్ మొత్తం ఇక్కడే ఉంది. (5,2) అనే చుక్కని (3,2) చుట్టూ 90 డిగ్రీలు అపసవ్యంగా తిప్పాలనుకోండి. తిన్నగా రొటేషన్ మాట్రిక్స్ వేసేస్తే (−2,5) వస్తుంది, చుక్క స్క్రీన్ దాటి పోయింది. ఎందుకంటే ఆ మాట్రిక్స్‌కి సున్నా చుట్టూ తిప్పడం తప్ప ఇంకోటి తెలీదు. ముందు (3,2)ని సున్నాకి జరిపితే మన చుక్క (2,0) అవుద్ది, తిప్పితే (0,2), వెనక్కి జరిపితే (3,4). ఇదీ కరెక్ట్.

ఇప్పుడు పైడితల్లమ్మ సిరిమాను గుర్తు తెచ్చుకోండి. బండి గుడి నుంచి కోట వైపు కదుల్తుంది, బండి మీద మాను పైకి లేచి ఉంటుంది, మాను చివర పూజారి గారు కూర్చుంటారు. బండికి ఒక మాట్రిక్స్, మాను వంపుకి ఒకటి, చివరి కుర్చీకి ఒకటి, ఈ వరసలోనే గుణించాలి. మాను వంపునీ బండి నడకనీ తారుమారు చేశారో, బండి రోడ్డు మీద నడవడం మానేసి మాను వాలిన వైపుకి గాల్లోకి ఎగిరిపోద్ది. నేను సరదాకి అలా చేసి చూశాను, నవ్వాగలేదు, కానీ మాట్రిక్స్ వరస మారిస్తే జవాబు ఎందుకు మారుతుందో ఆ రోజే తెలిసింది. జరపడాన్ని కూడా గుణకారంలోకి తేవడానికే హోమోజీనియస్ కోఆర్డినేట్లలో, అంటే (x, y) బదులు (x, y, 1) అని రాయడంలో, ఆ అదనపు 1.

4. త్రీడీ

పెర్‌స్పెక్టివ్ అంటే లోతుతో భాగించడం, అంతే. రైలు పట్టాలు దూరానికి కలిసిపోతున్నట్టు కనపడ్డం అదే, దూరం రెట్టింపైతే మధ్య ఎడం సగమవుతుంది. ఏది ముందు ఏది వెనక అనేదానికి జెడ్ బఫర్, 640×480 స్క్రీన్ అయితే 3,07,200 పిక్సెల్స్‌కీ ఒక్కో లోతు అంకె దాచుకుని, దగ్గరున్నదాన్నే ఉంచుతుంది. 1974లో క్యాట్‌మల్ థీసిస్‌లో వచ్చింది. షేడింగ్‌లో గురో 1971, ఫాంగ్ 1975, తేడా ఏంటంటే ఒకాయన మూలల దగ్గర రంగు లెక్కేసి మధ్యలో కలిపేశాడు, రెండో ఆయన నార్మల్‌నే, అంటే ఉపరితలానికి నిటారుగా ఉండే దిశనే, కలుపుకుంటూ వెళ్ళి ప్రతి పిక్సెల్ దగ్గరా లెక్కేశాడు.

వెలుగు అర్థం కాకపోతే అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్ళండి. మార్చిలో, అక్టోబర్‌లో కొన్ని రోజులు పొద్దున్నే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, అప్పుడు వెలుగు దాదాపు నేలకి సమాంతరంగా వస్తుంది. నేల నార్మల్ నిటారుగా పైకి, కోణం దాదాపు 90, కాసైన్ దాదాపు సున్నా, అందుకే నేల మీద వెలుగు పల్చగా ఉంటుంది, ఎదురుగా నిలబడ్డ విగ్రహం మీద దండిగా పడుతుంది. వెలుగు ఆ కోణం కాసైన్‌ని బట్టి ఉంటుందనే లాంబర్ట్ సూత్రం ఇంతే.

5. విజువలైజేషన్‌ని చివరి యూనిట్ అని వదిలేయొద్దు

డేటాని బొమ్మగా చూపించడమే ఇది, చాలామంది చదవరు, ఉద్యోగంలో ఎక్కువ పనికొచ్చేది మాత్రం అదే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, మనవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు, జీడితోటలు పడిపోయినోళ్ళకి ఇంకా గుర్తే. దాని దారి, గాలి వేగం డేటా తీసుకుని పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీయండి. ఇంద్రధనస్సు రంగులు వాడకండి, పసుపు దగ్గర లేని గీత ఉన్నట్టు కనిపిస్తుంది, అక్కడేదో హఠాత్తుగా మారిందనుకుంటాం. 2017లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 నుంచి విరిడిస్ అనే రంగుల వరసని డిఫాల్ట్ చేసింది ఇందుకే, ముదురు నుంచి లేతకి సమానంగా వెళ్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ప్రింట్ తీసి కాలేజీ ఎదురు జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్ కాపీ ఒకటి తీయించండి, అందులో గాలి ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో ఇంకా తెలుస్తోందంటే ల్యాబ్ రికార్డులో అతికించేయొచ్చు.