వేడిని దాచుకుందాం, 3వ పాఠం: మైనం గడ్డకట్టేటప్పుడు ఏం జరుగుతుంది?

పోయిన పాఠంలో గుప్తోష్ణం గురించి, అంటే పదార్థం కరిగేటప్పుడు లోపల దాచుకుని గడ్డకట్టేటప్పుడు తిరిగిచ్చే వేడి గురించి చెప్పుకున్నాం, ఈసారి కళ్లారా చూద్దాం. తెల్ల కొవ్వొత్తుల మైనం, చిన్న స్టీలు గిన్నె, అది పట్టేంత పెద్ద గిన్నెలో నీళ్లు, 100 డిగ్రీల దాకా చూపించే థర్మామీటరు ఉంటే చాలు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టొద్దు, వేన్నీళ్లలోనే కరిగించండి. గిన్నె నిండా కూడా వద్దు, కరిగితే అది పదో వంతుకు పైనే ఉబ్బుతుంది.

75 డిగ్రీలకు వచ్చాక గిన్నెను బయటికి తీసి, థర్మామీటరు మొన మధ్యలో ఉండేలా పట్టుకుని, నిమిషానికోసారి అంకె రాసుకోండి. మొదట్లో గబగబా దిగుతుంది. 60కి కాస్త అటూ ఇటూగా గిన్నె అంచున తెల్లటి పొర కట్టి లోపలికి పాకడం మొదలవుతుంది, అంకె దాదాపు కదలదు. గిన్నె బయట చెయ్యి దగ్గర పెడితే వేడి వస్తూనే ఉంటుంది. ఆ వస్తున్నదే గుప్తోష్ణం! కొవ్వొత్తి మైనం రకరకాల మైనాల మిశ్రమం కాబట్టి అంకె పూర్తిగా ఆగకుండా మెల్లగా జారితే కంగారు పడకండి.

ఇప్పుడు లెక్క. కిలో మైనం గడ్డకడుతూ సుమారు 200 కిలోజౌళ్లు ఇస్తుంది. 70 నుంచి 50 డిగ్రీలకు చల్లారితే మామూలు వేడితో కలిపి 240 దాకా వస్తాయి, అదే కిలో నీళ్లయితే 84. దాదాపు మూడు రెట్లు. కానీ 80 నుంచి 20 దాకా చల్లార్చుకోగలిగితే నీళ్లే 250 ఇస్తాయి, మైనం 320. ఆ కాస్త తేడా కోసం డబ్బు పోసి మైనం కొనడం దండగ, నీళ్ల ట్యాంకే మేలు. అందుకే ఏ పదార్థం కొనాలని అడిగేముందు, మీకు వేడి ఏ డిగ్రీల మధ్య కావాలో తేల్చుకోండి. మేడ మీది సోలార్ హీటరు నీళ్లు 60 దగ్గరుంటాయి కాబట్టి ఇంకాస్త తక్కువలో కరిగే మైనం సరిపోతుంది. ఫ్యాక్టరీ పొగగొట్టంలో వృథాగా పోయే వేడికి ఇది పనికిరాదు, అక్కడ 307 డిగ్రీల దగ్గర కరిగే సోడియం నైట్రేట్ లాంటివి కావాలి.

1948లో అమెరికాలోని డోవర్ అనే ఊళ్లో శాస్త్రవేత్త మారియా టెల్కెస్ ఒక ఇంటిని సూర్యుడి వేడితోనే వెచ్చగా ఉంచాలని 32 డిగ్రీల దగ్గర కరిగే గ్లాబర్ ఉప్పును (నీటితో కలిసిన సోడియం సల్ఫేట్) టన్నులకొద్దీ వాడారు. ఎంతో ధైర్యమైన పని అది. కొన్నాళ్లకు ఉప్పు విడిపోయి, గట్టిది అడుగుకీ ద్రవం పైకీ చేరి, మళ్లీ సరిగా గడ్డకట్టడం మానేసింది. మైనానికి ఆ జబ్బు లేదు, దానిది వేరే ఇబ్బంది: అది వేడిని నీళ్లలో మూడో వంతే ప్రసరింపజేస్తుంది. అంచున కట్టిన ఆ తెల్ల పొరే లోపలి వేడిని బయటికి రాకుండా అడ్డుకుంటుంది.

వచ్చే పాఠం లోపు అదే గిన్నె, అంతే మైనంతో ఇంకోసారి చేయండి, ఈసారి లోపలి వేడి బయటికి వచ్చే దారిగా అంచు నుంచి మధ్యకు నాలుగు అల్యూమినియం రేకులు నిలబెట్టి. 60 నుంచి 50కి రావడానికి రెండుసార్లూ ఎంతసేపు పట్టిందో రాసి ఉంచుకోండి, మైనంలోంచి వేడిని తీసుకెళ్లే నీళ్ల గొట్టానికి ఇలాంటి రేకులు, అంటే రెక్కలు, ఎన్ని పెట్టాలో ఆ అంకెలతోనే లెక్కగడదాం.